పాటను మోసేటోళ్ళు

దగ్గరికి జరిగి కూసోండ్రి. పుష్యమాసం చలి ఇది, మంట ఎగేసినంతసేపే మనది. మా చిన్నతనంల పసుపు ఉడకబెట్టే కాలమొస్తే పిల్లా జెల్లా అంత చేన్లనే పండేది. పొయ్యి తవ్వి, దాని మీద పెద్ద కడాయి ఎక్కిచ్చి, తవ్విన పసుపు పోసి, పైన కప్పేసి మంట పెట్టేవాళ్ళు. నురగ పొంగాలె, పొగ లేవాలె, వాసన ఊరి దాక రావాలె, గప్పుడు దించుడు. ఒక కడాయి దిగంగనే ఇంకోటి ఎక్కేది. మంట ఆగొద్దంటే ఎవరో ఒకలు మేలుకోవాలె, మేలుకోవాలంటే ముచ్చట నడవాలె. నాకొచ్చిన ముచ్చట్లల్ల సగం ఆ పొయ్యిల కాడ ఇన్నయే. ఇప్పుడు స్టీము బాయిలర్లు వచ్చినయి, గంటల్ల పని అయిపోతది. నడుములకు సుఖమైంది, మంచిదే. ముచ్చట కోసం మాత్రం మనమే ఇట్ల మంటేసుకొని కూసోవాలె.

బిడ్డా, నువ్వు పొద్దుగాల మీ నాయినమ్మ తోటి అన్న మాట నా చెవుల పడ్డది. "కతలు పంపుతున్న, అచ్చు గాట్లేదు. కొలువు చేసి వచ్చేసరికి రాత్రయితున్నది. ఇగ రాసుడు బంద్ చేస్త" అన్నవు. నేను నిన్ను కోప్పడ. నీకు సుద్దులు కూడ చెప్ప. ఈ తొవ్వల మనకంటె ముందు నడిచిపోయినోళ్ళు ఉన్నరు, వాళ్ళు ఏం తిన్నరు, ఎప్పుడు రాసిన్రు, ఎవరి సాయం తోటి నిలవడ్డరు, అది చెప్త. మొత్తం ఇన్నంక బంద్ చేసుడా, నడిపిచ్చుడా అన్నది నువ్వే చెప్పు.

మన ఇందూరు, అదే నిజామాబాదు, ఖిల్లా సూసినవు గదా, పైన రాముల గుడి ఉంటది. నిజాం కాలంల ఆ ఖిల్లల జైలు ఉండె. 1947, 48 నాటి ముచ్చట. రాజ్యం మీద ఎదురు తిరిగినోళ్ళను పట్టుకొచ్చి అండ్ల ఏసేది. వాళ్ళల్ల ఇద్దరి పేర్లు నువ్వు ఇన్నయే. ఒకాయన దాశరథి కృష్ణమాచార్య. ఓరుగల్లు దిక్కు చిన్నగూడూరుల 1925ల పుట్టిండు, అంటే జైలుకు వచ్చేనాటికి ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల పిల్లగాడు. రెండో ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కంటె పదేండ్లు పెద్ద. లోపల కాయితం లేదు, కలం లేదు. పండ్లు తోముకోను బొగ్గు మాత్రం దొరికేది. దాశరథి ఆ బొగ్గు తోటి గోడ మీద పద్యం రాసిండు. ఆ నిజాం రాజును ముఖం మీద తిట్టిన పద్యం. జైలోళ్ళు ఊకుంటరా? తుడిచేసిన్రు.

ఇక్కడి దాక అందరు చెప్తరు. దాశరథి ధైర్యం పెద్దది, చెప్పాల్సిందే. నన్ను మాత్రం దీని తర్వాతి ముచ్చటనే ఎక్కువ పట్టుకుంటది. గోడ మీది రాత తుడిచినంక పద్యం యాడ ఉన్నది? పక్కనున్న ఆళ్వారుస్వామి నోట్ల ఉన్నది. ఆయన చదివి చదివి కంఠస్థం చేసుకున్నడు. గోడను తుడవచ్చు గని మనిషి యాదిని తుడుస్తరా? ఒకడు రాసిండు, ఇంకొకడు మోసిండు. 1949ల దాశరథి మొదటి పుస్తకం 'అగ్నిధార' వచ్చింది. దాన్ని ఎవరికి అంకితమిచ్చిండో ఎరుకనా? ఏ జమీందారుకు ఇయ్యలే, ఏ మంత్రికి ఇయ్యలే. తనతోటి జైల్ల ఉన్న ఆ ఆళ్వారుస్వామికి ఇచ్చిండు.

నేను బతుకంత సూసి తెలుసుకున్నది ఇదొక్కటే బిడ్డా. ఎవని పాట వాడొక్కడే మోస్తే నాలుగు అడుగుల్ల అలుస్తడు. ఒకరిది ఇంకొకరు మోసిన కాడ పాట నిలుస్తది. మిగిలిన ముచ్చట్లన్ని దీని ఎంబడి వచ్చేటియే.

ఇగ ఆ ఆళ్వారుస్వామి ఎట్ల బతికిండో ఇను. నల్లగొండ జిల్ల నకిరేకల్ దగ్గరి పల్లెల పుట్టిండు. చిన్నతనంలనే తండ్రి పోయిండు. ఒక పంతులు ఇంట్ల వంట చేసిపెట్టుకుంట చదువు నేర్సుకున్నడు. బడి అని ఒకటి కూసొని చదివింది తక్కువ. బెజవాడ పోయి హోటల్ల పని చేసిండు. హైదరాబాదు వచ్చి గోలకొండ పత్రికల ప్రూఫులు దిద్దిండు. ఇవన్ని చిన్న కొలువులే. గని సూడు, ఒక్కొక్క కొలువు ఆయనను పుస్తకం దగ్గరికి ఒక్కొక్క అడుగు జరిపింది. ప్రూఫులు దిద్దినోనికి వాక్యం యాడ కుంటుతదో తెలుస్తది, అచ్చు కర్సు ఎంతయితదో తెలుస్తది. ఆ ఎరుక తోటే 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. తన పుస్తకాలు ఏసుకుందామని పెట్టలే. తెలంగాణల రాసేటోళ్ళున్నరు, వాళ్ళ రాతలు అచ్చు కావాలె, జనం చేతికి పోవాలె అని పెట్టిండు. ముప్పైకి పైన పుస్తకాలు తెచ్చిండు. అచ్చేసి గోదాముల పెట్టలే. సంచుల్ల ఏసుకొని ఊరూరు తిరిగిండు, సభ ఉన్న కాడల్ల పుస్తకాలు పరిచి అమ్మిండు.

వరంగల్ల కాళోజీ నారాయణరావు ఉండె. ఆయన కవితలు 'నా గొడవ' పేరు మీద 1953ల పుస్తకమై వచ్చినయంటె, అచ్చేసింది ఈ ఆళ్వారుస్వామే. ఆలంపురంల కవి శ్రీశ్రీ చేతుల మీదుగ ఆ పుస్తకం బయటికి వచ్చింది. ఇయ్యాల కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినం అని పండుగ చేస్తున్నం. ఆ పండుగ ఎనుక పుస్తకాల సంచి మోసిన ఒక భుజం ఉన్నదని మీరు యాదిల పెట్టుకోవాలె.

మరి ఇంత మందిది మోసినోడు తనది రాసుకున్నడా అని అడుగుతవు. రాసిండు. 'ప్రజల మనిషి' నవల రాసిండు, జైల్ల తను సూసిన మనుషుల మీద కతలు రాసిండు. ఆ కతలల్ల దొంగలున్నరు, ఖూనీకోర్లున్నరు, వాళ్ళ లోపలి మనిషి ఉన్నడు. వంటింట్ల, హోటల్ల, ప్రెస్సుల, జైల్ల తిరగకపోతే ఆ మనుషులు ఆయనకు యాడ దొరుకుదురు? 1961ల పోయిండు, యాభై కూడ నిండలే. 'గంగు' అనే నవల పూర్తిగాకముందే పోయిండు. అది ఆయన పోయినంక అచ్చయింది. అంటే ఆయన రాతను మోసేటోళ్ళు కూడ ఉన్నరన్నట్టు. ఆయన మోసిండు గనుక ఆయనది మోసిన్రు.

అందుకే నీ కొలువును తిట్టకు. పొద్దంత కొలువు, రాత్రి రాత, ఇది నీ ఒక్కదాని బాధ కాదు. నేను ఇందూరు గంజ్‌ల అడ్తి దుకాణంల గుమాస్తగ చేసిన. పొద్దున కాంటాలు మొదలైతే తూకమేసే దడువాయి అరుపులు, హమాలీల బస్తాలు, రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ రాసిచ్చుడు, సాయంత్రానికి ఖాతాలు కలుపుడు. నా భజన పాటలన్ని పాత తక్‌పట్టీల ఎనుక రాసుకున్నయే. పసుపు కాడి ఎంతకు పోయింది, గోళ ఎంతకు పోయింది అని ముందట ఉంటె, ఎనుక పల్లవి ఉండేది. రైతు పైసలు చేతుల పట్టుకున్నప్పుడు వాని ముఖం ఎట్లుంటదో, ధర కొట్టుకపోయిన దినం వాడు నోరు తెరవకుండ బండి ఎట్ల మలుపుకుంటడో నేను ఆ దుకాణంల సూసిన. పాటకు కావాల్సిన సొమ్మంత అక్కడిదే. నీ కొలువుల కూడ నీకు కతలున్నయి. నువ్వు అక్కడికి పోయి మనుషులను సూడు, వాళ్ళ మాట ఇను. నెల జీతం నీ రాతకు తిండి పెడుతున్నదనుకో. రాతనే నీకు తిండి పెట్టాలని దాని నెత్తిన మొదటి రోజే బరువు పెట్టకు.

ఇంకొక ముచ్చట. గోలకొండ పత్రిక అన్న గదా, దాన్ని నడిపింది సురవరం ప్రతాపరెడ్డి. 1926ల మొదలుపెట్టిండు. ఆ కాలంల ఒక పెద్దమనిషి నిజాం రాజ్యంల తెలుగు కవులే లేరు పొమ్మన్నడు. సురవరం దానికి వాదులాడుకుంట కూసోలే. మీ దగ్గరున్న కవిత్వం పంపుండ్రి అని పత్రికల రాసిండు. పల్లెపల్లెలకెల్లి టపాల వచ్చినయి. పంతుళ్ళు, పట్వారీలు, ఇంట్ల కూసొని ఎవరికి సూపియ్యకుండ రాసుకున్నోళ్ళు, అందరు పంపిన్రు. 1934ల 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది, 354 మంది కవులు అండ్ల ఉన్నరు. ఆలోచించు బిడ్డా. అంత మంది ఒక్కొక్కలు తమ ఊర్ల తామొక్కరే అనుకొని రాసుకుంట ఉండె. ఒకరు పిలిచేదాక ఒకరికొకరు కనవడలే. నీ లెక్క మన ఆర్మూరుల, అంకాపూర్ల, బాల్కొండల ఎంత మంది రాసుకొని దాచుకుంటున్నరో నీకెరుకనా? పిలువు. నువ్వు పిలిస్తె నలుగురు వస్తరు. నలుగురు చాలు.

ఇప్పుడు కాయితం, కలం అసలే తెలియనోళ్ళ ముచ్చట చెప్త. మా చిన్నప్పుడు చిందు యక్షగానం ఆడే చిందోళ్ళు ఊరికొస్తె పండుగ. వాళ్ళకు మిరాసి ఊర్లు ఉండేటియి, ఈ ఊరు ఈ కుటుంబానిది అని. ఏడాదికో, రెండేండ్లకో వచ్చి ఊరి బయట గుడిసెలేసుకునేది. రాత్రి దివిటీల ఎలుగుల ఆట. మద్దెల మోగిందంటె పిల్లలం అన్నం కాడికెల్లి లేచి ఉరికేది. పొణికి కట్టె తోటి చేసిన కిరీటాలు, భుజకీర్తులు, వాటి మీద అద్దాలు, రంగులు. తేలిక కట్టె అది, అందుకే తెల్లారే దాక చిందు తొక్కినా మెడ ఇరగకపోయేది. మన గోదారి అవుతల నిర్మల్ బొమ్మలు చేసేది కూడ ఆ కట్టె తోటే. తండ్రి మద్దెల కొడితె, తల్లి పాట ఎత్తుకునేది, అన్న రాజు, చెల్లె రాణి, చంకల పిల్ల బాలకృష్ణుడు. తక్కిన ఆటలల్ల ఆడవేషం మగవాళ్ళే కడితే, చిందుల ఆడవాళ్ళే కట్టేది. మగవేషం కూడ కట్టేది.

వాళ్ళల్ల చిందుల ఎల్లమ్మ మన జిల్లల అందరి కంటె పేరు పడ్డది. బోధన్ దగ్గర అమ్దాపూర్ ఆమె ఊరు. చిన్నపిల్లగ గజ్జె కట్టిన మనిషి ముసలితనం దాక ఇడవలే. దేవత ఎల్లమ్మ వేషం కట్టి వస్తుంటె ఊరు ఊరంత దండం పెట్టేది. తెల్లారినంక ఆ మనుషులనే ఊరు దూరం పెట్టేది. రాత్రి కిరీటం పెట్టిన తలకు పొద్దున చేదబాయి కాడికి రావద్దన్నరు. ఇది మన ఊర్లు చేసిన అన్యాయం, దాచి చెప్పొద్దు. అంత అవమానంల కూడ వాళ్ళు ఆటను ఎట్ల నిలిపిన్రు? ఎవరికి వాళ్ళు కళాకారులమని కూసోలే. ఇంటిల్లిపాది ఒక ఆటను మోసిన్రు. ఒకరికి జరమొస్తె వాళ్ళ వేషం ఇంకొకరు కట్టిన్రు, ఎందుకంటె అందరి పాటలు అందరికి వచ్చు. పొద్దంత కిరీటం అతుకులేసుకుంట, గజ్జెలు కుట్టుకుంట, పిల్లలకు దరువు నేర్పేది. అదే వాళ్ళ బడి. ఎల్లమ్మ 2005ల పోయింది. 2024ల జనగామ దిక్కు చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆ పురస్కారం ఒక్కని పేరు మీద వచ్చింది, దాని ఎనుక గుడిసెలల్ల దరువు నేర్పిన తల్లులు తండ్రులు ఎన్ని తరాలోళ్ళున్నరో.

నువ్వు నేర్సుకోవాల్సింది ఏందంటె, రాయని దినం కూడ రాతకు సంబంధించిన పని ఉంటది. చిందోళ్ళకు ఆట లేని దినం కిరీటం బాగు చేసే దినం. నీకు కత రాని దినం పాత కత తిరగరాయి. అది కూడ కాదంటె ఒక మంచి కత ఎత్తిరాయి, ఎట్ల కట్టిన్రో చేతికి తెలుస్తది. అదీ కాదంటె మీ నాయినమ్మ దగ్గర కూసొని ఒక పాట ఫోన్ల రికార్డు చెయ్యి.

నాయినమ్మ అంటె యాదికొచ్చింది. మన ఆర్మూరు దిక్కు ఇంటింటికి బీడీలు చేసినోళ్ళే. మీ నాయినమ్మ ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరిచ్చుకుంట, తంబాకు పోసి చుట్టి దారం కట్టుకుంట మన ఇల్లు నడిపింది. వాడకట్టు ఆడోళ్ళంత ఒక్క అరుగు మీద కూసునేది. చేతులకు పని ఉన్నది గని నోరు ఖాళీ గదా. ఒకామె బతుకమ్మ పాట ఎత్తుకుంటె ఇంకొకామె అందుకునేది. సీతమ్మ వనవాసం దగ్గర మొదలై పొద్దూకేసరికి లవకుశుల దాక పోయేది. కేరళల కన్నూరు దిక్కు బీడీ కార్ఖానల్ల ఇంకో పద్ధతి ఉండేదట. ఒకలు కూసొని పేపరో, నవలో గట్టిగ చదువుతుంటె, మిగిలినోళ్ళు వాని వంతు బీడీలు తలా కొన్ని చేసి పెట్టేది. ఎక్కడో క్యూబా దేశంల చుట్టలు చుట్టే కార్ఖానల్ల కూడ ఇదే. హవానా పట్నంల 1865ల మొదలైందట. పనోళ్ళే తమ కూలిలకెల్లి చందా ఏసుకొని ఒక చదువరిని పెట్టుకున్నరు. ఒక ఫ్రెంచి నవల ఎంత నచ్చిందంటె ఆ కతానాయకుని పేరే ఒక చుట్టకు పెట్టిన్రు, మాంటెక్రిస్టో అని. సూసినవా, కూలి చేసుకునేటోళ్ళు కూలిలకెల్లి కత కోసం పైసలు తీసిన్రు. జనానికి కత అక్కర లేదని ఎవరన్న అంటె నమ్మకు. జనానికి కత కావాలె. వాళ్ళు ఉన్న కాడికి కత పోవాలె.

దీనికి సాంగ్లి ముచ్చట కూడ చెప్త. నేను పసుపు లారీల తోటి మహారాష్ట్రల సాంగ్లి పోయేది. మన రైతులకు ఇక్కడ ధర రాని ఏడాది అక్కడ వస్తదని ఆశ. సాంగ్లి అంటె మనకు పసుపు మార్కెట్టే, మరాఠోళ్ళకు మాత్రం నాటకానికి పుట్టిల్లు. విష్ణుదాస్ భావే అనే ఆయన 1843ల అక్కడ 'సీతా స్వయంవర్' ఆడిచ్చిండు. మరాఠీ నాటకం అక్కడికెల్లి మొదలైందంటరు. ఆయనకు సాంగ్లి రాజు ఆసర ఉండె. 1851ల రాజు పోయిండు, ఎనుక వచ్చినోళ్ళు ఆసర ఇయ్యలే. ఇంతమందిని ఏసుకొని ఏం చేయాలె? భావే నాటకాన్ని ఎత్తుకొని ఊర్లు పట్టుకొని పోయిండు. బొంబాయిల టిక్కెట్టు పెట్టి ఆడిచ్చిండు. రాజు ఒక్కడు మోసేది పోయి, టిక్కెట్టు కొన్న జనం తలా కొంత మోసిన్రు. ఇప్పుడు సాంగ్లిల ఆయన పేరు మీద పెద్ద నాటకశాల ఉన్నది.

నువ్వు పత్రికోళ్ళ జవాబు కోసం ఎదురుసూసుకుంట కూసుంటున్నవు. పంపుడు ఆపకు, పంపు. వాపసొస్తె ఇంకో దిక్కు పంపు. ఆ పత్రిక ఒక్కటే దర్వాజ అనుకోకు. బడిల పంతులు నీ కతను పిల్లలకు చదివిపియ్యచ్చు. గ్రంథాలయంల పది మంది ముందట నువ్వే చదవచ్చు. దుబాయిల, మస్కట్ల ఉన్న మనోళ్ళు రాత్రి డ్యూటీ దిగి గదిల పండుకొని ఫోన్ల నీ గొంతుల ఆ కత ఇనచ్చు. మన వాడకట్టుల ఇంటికొకలు అక్కడున్నరు, ఊరి మాట కోసం వాళ్ళ పాణం కొట్టుకుంటది. ఇగ పుస్తకం అచ్చేస్తా అని ఒంటి మీది బంగారం అమ్మకు, అప్పు తేకు. ముందు కొనేటోళ్ళ పేర్లు రాసుకో, ఎన్ని పేర్లయితె అన్ని కాపీలే ఏయి. ఆళ్వారుస్వామి లెక్క సంచిల పెట్టుకొని పోయి చేతికి అందియ్యి.

రాసే వేళ ముచ్చట చెప్త, ఇది చెవిల పెట్టుకో. పసుపు రైతు ఎంత ఆపతొచ్చినా ఒకటి అమ్మడు. విత్తనం. ఎకరానికి ఎనిమిది పది క్వింటాళ్ళ విత్తనం కావాలె, అది చిన్న సొమ్ము కాదు. పసుపు ధర 2010, 11 కాలంల క్వింటాలుకు పదిహేను వేలు దాటింది, ఆ తర్వాత ఏండ్లల్ల ఐదు వేల కాడికి దిగింది. తవ్వకం కూలి కూడ ఎల్లలే. అయినా ఇంటెనుక నీడకు విత్తనం కుప్ప పోసి, ఆకు కప్పి, మట్టి అలికి కాపాడుకున్నరు. గా కుప్ప ఉన్నది గనుకనే ధర మళ్ళ ఎక్కిననాడు వాళ్ళ చేన్ల పంట ఉన్నది. నీకు పొద్దున లేచినంక ఒక గంట ఉన్నది సూడు, అది విత్తనం. కొలువుకు అమ్మకు, ఫోనుకు అమ్మకు, మా ఇంటి పనులకు కూడ అమ్మకు. రాత్రి అలిసి వచ్చినంక మిగిలిన వేళ రాతకు ఇస్తా అంటె అది మిగలదు. ముందే పక్కకు తియ్యి. గంట దొరకకపోతె అరగంట తియ్యి. నాలుగు వాక్యాలైనా సరే, దినాం రాయి.

దానికి తోడు ఒక గడువు పెట్టుకో. సిరిసిల్ల దిక్కు హనుమాజీపేటల పుట్టిన సి. నారాయణరెడ్డి పేరు ఎవరు ఇనలే? పల్లెల హరికథలు, భజనలు ఇనుకుంట పెరిగిండు, ఉర్దూ మీడియంల చదివిండు, ఉస్మానియాల పాఠాలు చెప్పిండు, సినిమాలకు పాటలు రాసిండు. 1988ల జ్ఞానపీఠం వచ్చింది. ఇన్ని పనులల్ల కూడ ఏటా జులై 29న, తన పుట్టినరోజు నాడు, కొత్త పుస్తకం తేవాలని పెట్టుకున్నడు. ఆ దినం కోసం దోస్తులు, శిష్యులు, చదివేటోళ్ళు ఎదురుసూసేది. నలుగురికి చెప్పిన గడువు మనిషిని కూసోనియ్యదు. నువ్వు కూడ ఒక దినం పెట్టుకో. బతుకమ్మకు ఒక కత, ఉగాదికి ఒక కత అని మా అందరికి చెప్పు. మేము అడుగుతం. అడిగేటోళ్ళు ఉండుడు కూడ ఒక ఆసరనే.

ఇంకొకటి. ఒక మనిషి బాగ రాస్తె నీకు కడుపుల మండుతది. అందరికి మండుతది. దానికి మందు ఒకటే, ఆ మనిషి రాతను నువ్వు పదిమందికి ఇనిపియ్యి. దాశరథి కవి, కాళోజీ కవి, ఆళ్వారుస్వామి కూడ రచయితే. ఆయన ఒకరి పద్యం నోటికి పట్టిండు, ఇంకొకరి పుస్తకం అచ్చేసిండు. దాని తోటి ఆయన చిన్నగ కాలే. ఆ కాలంల తెలంగాణల రాసేటోళ్ళ నడుమ ఆయన ఒక దూలం లెక్క నిలవడ్డడు. నీ ఎరికల పాటలు కట్టే పిల్ల ఉన్నదన్నవు, బొమ్మలేసే పిల్లగాడు ఉన్నడన్నవు. ఆ పిల్ల పాటలకు కాయితం లేదు, నువ్వు రాసిపెట్టు. ఆ పిల్లగాని బొమ్మలు సూసేటోళ్ళు లేరు, నీ కత ముందట పెట్టు. వాళ్ళు నీ కత చదివి యాడ బాగలేదో ముఖం మీద చెప్తరు. నువ్వు ఏడ్వకుండ ఇను, దిద్దుకో. నెలకోపారి కూసోండ్రి. చాయ కర్సు నాది.

పసుపు బోర్డు కావాలని మన రైతులు ఎన్నేండ్లు కొట్లాడిన్రో మీరంత సూసిన్రు. పాదయాత్రలు చేసిన్రు, ధర్నాలు చేసిన్రు, 2019 ఎలక్షన్ల రైతులే గుంపులు గుంపులుగ నామినేషన్లు ఏస్తె ఇందూరు సీటుకు 185 మంది పోటీల నిలవడ్డరు. 2025 సంక్రాంతికి బోర్డు మొదలైంది. అడిగిన మొదటి ఏడాదే రాలేదని ఎవరన్న ఇంటికి పోయి ఉంటె ఇయ్యాల అది ఉండకపోవు. మన నేలల పెరిగిన పిల్లవు నువ్వు. నాలుగు కతలు వాపసొస్తె చేతులు దులుపుకునే రకం కాదు మనది.

నువ్వు రాసేది నీ ఒక్కదానిది కాదు బిడ్డా. మీ నాయినమ్మ అరుగు మీద పాడిన పాట అండ్ల ఉన్నది, గంజ్‌ల బస్తా మోసిన హమాలీ చెమట ఉన్నది, దుబాయి పోయి వచ్చిన మీ చిన్నాయిన ఎవరికి చెప్పని బాధ ఉన్నది. మేము రాయలేం, మాకు తీరలే, కొందరికి అక్షరం రాలే. నువ్వు రాస్తున్నవంటె మమ్ముల మోస్తున్నవు. నువ్వు మమ్ముల మోస్తె నిన్ను మోయను మేమున్నం. ఇగ తియ్యి నీ కాపీ. పత్రికోళ్ళు వాపసు పంపిన ఆ మొదటి కతనే తియ్యి. నాయినమ్మకు కూడ ఇనవడేటట్టు, గొంతెత్తి చదువు.